సముద్రంలోకి వదిలాక ఎటు పోతాయి? శ్రీకూర్మం నుంచి డొంకూరు దాకా

ఏటా ఎండలు ముదిరే వేళకు పేపర్లో ఒక ఫొటో వస్తుంది. అధికారులు, బడిపిల్లలు ఒడ్డున వరసగా నిలబడి తాబేలు పిల్లల్ని ఇసుక మీదకు వదులుతుంటారు. ఎన్ని వందల పిల్లల్ని వదిలారో కింద అంకె ఉంటుంది. ఆ తర్వాత వాటి సంగతేమిటో ఎవరూ రాయరు. మా మేనల్లుడు ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదువుతున్నాడు. "వదిలినవాటిని లెక్కపెట్టడం కాదత్తా, బతికినవాటిని లెక్కపెట్టాలి" అని వాడు ఎప్పుడూ అంటుంటాడు. మార్చి చివర్లో నాకూ సెలవు కుదిరింది. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. అంతా తిరగడం మా వల్ల కాదు గానీ, తాబేళ్ళతో పనున్న నాలుగైదు చోట్లయినా చూద్దామని బయల్దేరాం.

శుక్రవారం: శ్రీకూర్మం, కళింగపట్నం

తాబేళ్ళ పని మీద వెళ్తూ కూర్మనాథుడి దర్శనం చేసుకోకపోతే మా అమ్మ ఊరుకోదు. అందుకని పొద్దున్నే బస్సెక్కి ముందు శ్రీకూర్మంలో దిగాం. ఇక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, మూలవిరాట్టు తాబేలు ఆకారమే. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతున్నారు. ఒక పాప తోటకూర కాడ అందిస్తుంటే ఒకటి మెడ చాపి నెమ్మదిగా కొరుక్కుంటోంది. మావాడు కాసేపు చూసి, నేల తాబేలు మెడనూ కాళ్ళనూ డిప్పలోకి లాక్కోగలదనీ, సముద్రపు తాబేలుకు ఆ వీలు లేదనీ చెప్పాడు. దాని కాళ్ళు ఈదడానికి రెక్కలుగా మారిపోయాయి, దాచుకోవడానికి డిప్పలో చోటు లేదు. వల చుట్టుకుంటే ముందు తెగేది ఆ రెక్కలే.

గార మీదుగా కళింగపట్నం చేరేసరికి ఎండ మండిపోతోంది. లైట్‌హౌస్ నీడలో కొబ్బరి బోండాలు తాగి, సాయంత్రం దాకా వంశధార సముద్రంలో కలిసే చోట కూర్చున్నాం. చీకటి పడ్డాక, గుడ్లు పొదిగించే హేచరీ కాపలా చూసే ఆయన టార్చి పట్టుకొచ్చాడు. వేటకు వెళ్ళే మనిషే. సీజన్‌లో మాత్రం రాత్రిళ్ళు ఒడ్డు వెంట నడిచి గుడ్లు సేకరిస్తాడు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. తెల్ల వెలుతురు పడితే గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి బెదిరి వెనక్కి పోతుందట.

ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్రపు తాబేలు మన తీరానికి వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. దాదాపు నలభై కిలోల జీవి. అలల్లోంచి ఈడ్చుకుంటూ పైకొచ్చి, వెనక రెక్కలతో ఒకటిన్నర అడుగుల గొయ్యి తీసి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగి చూడదు. ఆ గొయ్యి అలాగే వదిలేస్తే తెల్లారేలోగా కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి. అందుకే గుడ్లను తీసుకొచ్చి, కంచె వేసిన హేచరీలో అదే లోతు గోతుల్లో మళ్ళీ పాతిపెడతారు. పెట్టిన కొద్ది గంటల్లోనే ఈ పని అయిపోవాలి. ఆలస్యమైతే లోపల పిండం పెంకుకు అతుక్కుంటుంది, గుడ్డు తిరగబడితే చచ్చిపోతుంది.

"బిడ్డ తల కింద సెయ్యెట్టినట్టు ఎత్తాలమ్మా" అంటూ ఆయన చేతులు జాపి చూపించాడు. ఆ రాత్రి ఒక గొయ్యిలో ఆయన చెయ్యి మోచేతి దాకా దిగి, ఒక్కో గుడ్డునూ బయటికి తీయడం దగ్గర్నుంచి చూశాను. తెల్లగా, గుండ్రంగా, టేబుల్ టెన్నిస్ బంతంత ఉంది. పెంకు గట్టిగా లేదు, వేలితో తాకితే కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తోంది. పైన జిగురు, దానికి అంటుకున్న ఇసుక. గుడ్లన్నీ సంచిలోకి చేరాక ఆయన ఖాళీ గొయ్యిలోంచి రెండు గుప్పెళ్ళ తడి ఇసుక కూడా తీసుకున్నాడు. కొత్త గోతిలో గుడ్ల మీద ముందు అదే వేస్తాడట.

హేచరీ అంటే పెద్ద కట్టడం కాదు. కర్రలు పాతి చుట్టూ వల కట్టారు, పైన కొబ్బరాకుల నీడ. గోతుల పక్కన పుల్లలకు అట్టముక్కలు కట్టి తేదీ, గుడ్ల లెక్క రాసి పెట్టారు. నీడ ఎందుకని అడిగితే మావాడు అందుకున్నాడు. ఇసుక వేడిని బట్టే పిల్ల మగదో ఆడదో తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకు మించి వేడెక్కితే అన్నీ ఆడవే, మరీ వేడైతే అసలు పొదగవు. ఈ వేసవుల ధాటికి ఆ నాలుగు కొబ్బరి మట్టలే ఎంతో ఆసరా.

శనివారం: తెల్లవారుజాము

నాలుగు దాటాక ఆయన పిలిచాడు. ఒక గోతి మీద ఇసుక కాస్త కుంగి ఉంది. లోపల పిల్లలు పెంకులు పగలగొట్టుకుని, పైకి రావడానికి ఇసుక కదిలిస్తున్నాయన్నమాట. గుడ్డు పెట్టిన 45 నుంచి 60 రోజుల్లోపు ఎప్పుడైనా ఇది జరగొచ్చు. చూస్తుండగానే ఒక ముక్కు బయటికొచ్చింది, తర్వాత మూడు, ఆ వెంటనే ఇసుకంతా కదిలిపోయింది.

ఒకదాన్ని అరచేతిలో పెట్టాడు. ఇరవై గ్రాములు కూడా ఉండదు. నల్లటి బూడిద రంగు, వేలెడు పొడవు. కడుపు మీద పచ్చసొన కుదించుకుపోయిన మచ్చ ఇంకా ఉంది. ముందు రెక్కలు ఆగడం లేదు. నా చెయ్యే సముద్రమనుకుని ఈదుతోంది. కొత్తగా బయటికొచ్చిన పిల్లకు దాదాపు ఒక రోజంతా ఆగకుండా ఈదే ఊపు ఉంటుంది. ఒడ్డు దగ్గర పొంచి ఉండే చేపల్ని దాటి లోపలికి పోవడానికి ఆ ఊపే దిక్కు. పగలు ఫొటోలు తీసుకుందామని వాటిని బకెట్లో ఉంచితే ఆ శక్తి బకెట్లోనే ఖర్చయిపోతుంది. ఈ మాట జనానికి గట్టిగా చెప్పాలి. పిల్లల్ని వదలడం చూడాలనుకునేవాళ్ళు చీకట్లోనే లేచి రావాలి తప్ప, తాబేళ్ళను తెల్లారేదాకా ఆపకూడదు.

నీళ్ళకు కొన్ని గజాల దూరంలో వదిలాం. నేరుగా నీటిలో వేయకూడదు, ఆ ఇసుక మీద వాటంతట అవే పాకాలి. వెలుతురు ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి. మామూలుగా అయితే అది సముద్రం వైపు ఆకాశమే. కానీ వెనక రోడ్డు మీద ఒక ఎల్ఈడీ దీపం ఉంది, రెండు పిల్లలు అటు మళ్ళాయి. మావాడు దీపానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. మొదటి అల కొన్నింటిని వెనక్కి తోసింది, రెండోది అన్నింటినీ తీసుకుపోయింది.

"ఇక్కడిదాకే మన లెక్క. ఎల్లిపోయిన కాడికి మనం ఎల్లలేం కదమ్మా" అన్నాడాయన.

వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని అందరూ చెప్పే మాట. అదీ అంచనాయే. అది నిజమో కాదో తేల్చాలంటే వెంట వెళ్ళి చూడాలి. టీ కొట్టు దగ్గర కూర్చున్నాక మావాడు సీల్ అనే సముద్ర జంతువు పిల్లల సంగతి చెప్పాడు. యూరప్‌లో వాడెన్ సముద్రం తీరంలో తల్లికి దూరమైన సీల్ పిల్లల్ని కేంద్రాలకు తెచ్చి, చేపలు మేపి, బరువు పెరిగాక తిరిగి వదులుతారు. కొన్నింటి బొచ్చు మీద జిగురుతో, ఎక్కడున్నాయో కబురు పంపే ట్రాన్స్‌మిటర్ అతికిస్తారు. ఏడాదికోసారి బొచ్చు రాలేటప్పుడు అదీ రాలిపోతుంది, కోసి తీయాల్సిన పని లేదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్ళు తయారు చేసిన ఒక రకం అయితే, సీల్ ఎంత లోతు మునిగిందీ ఎక్కడ తిరిగిందీ దాచుకుని, అది ఒడ్డు దగ్గరికొచ్చి సెల్ సిగ్నల్ అందగానే మొత్తం పంపించేస్తుంది. మనిషి సాకిన పిల్ల, సముద్రంలోనే పెరిగిన పిల్లలాగా వేటాడగలుగుతోందా లేదా అన్నది అలా తెలుస్తుంది. తెలిస్తే సాకే పద్ధతి మార్చుకోవచ్చు.

మన తాబేలు పిల్లకు ఆ వీలు లేదు. ఇరవై గ్రాముల వీపు మీద ఏ పరికరం నిలుస్తుంది? అమెరికాలో ఫ్లోరిడా దగ్గర వేరే జాతి సముద్ర తాబేలు పిల్లల్ని కొన్ని నెలలు పెంచి, పెద్దయ్యాక సోలార్‌తో నడిచే బుల్లి ట్రాన్స్‌మిటర్లు అతికించి వదిలారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లలు ప్రవాహంలో ఊరికే కొట్టుకుపోతాయని అంతకుముందు అనుకునేవారు. కొన్ని ప్రవాహాన్ని వదిలి, తేలే నాచు ఉన్న నీళ్ళలోకి వెళ్ళాయట. మన కళింగపట్నం పిల్లలు మొదటి పదేళ్ళూ బంగాళాఖాతంలో ఎక్కడ తిరుగుతాయో చూసే సాధనం ఇక్కడ ఎవరి చేతిలోనూ లేదు. మగ పిల్ల అయితే ఒడ్డుకు మళ్ళీ రానే రాదు.

ఆదివారం: నౌపడ, భావనపాడు

ఈ రోజు గురించి రాయడం కష్టంగా ఉంది.

నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి వెళ్తుంటే ఎండకు కళ్ళు చెదిరిపోయాయి. తేలినీలాపురం పక్షుల్ని చూడాలని మావాడికి ఉన్నా ఆగలేదు. భావనపాడు ఇసుకలో దిగి ఉత్తరంగా నడిచాం. మొదటి తాబేలు పది నిమిషాలకే కనిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మేం లెక్క ఆపేశాం.

ఒకదాని దగ్గర మావాడు కూర్చున్నాడు. డిప్ప పగలలేదు, గాయం లేదు. మెడ ఉబ్బిపోయి ఉంది. తోక పొట్టిగా ఉంది కాబట్టి ఆడది (మగదానికి తోక పొడుగ్గా డిప్ప దాటి వస్తుంది). పక్కన పీతలు తొలిచిన చోట, ఇంకా పెంకు కట్టని పసుపు గుడ్లు కనిపించాయి. డిప్ప మీద తెల్ల పెయింట్ గీత ఉంది. కాపలావాళ్ళు చూసినదాన్ని మళ్ళీ లెక్కపెట్టకుండా అలా గుర్తు పెడతారు. అంటే ఎవరో ఒకరు ఈ లెక్క కూడా రాస్తున్నారు. పేపర్లో ఫొటో కింద అచ్చయ్యే అంకెకు ఇది జంట అంకె, రెండూ పక్కపక్కన వెయ్యాలి.

తాబేలుకు మొప్పలు లేవు. ఊపిరి కోసం నీటి పైకి రావాల్సిందే. ట్రాలర్ అనే పెద్ద మర పడవ వల గంటల కొద్దీ సముద్రం అడుగున లాగుతూ పోతుంటే, అందులో పడింది పైకి రాలేక చచ్చిపోతుంది. దీనికి మందు లేకపోలేదు. టెడ్ అంటారు, తాబేలు తప్పించుకునే పరికరం. వల మెడ దగ్గర ఇనుప చువ్వల చట్రం పెడతారు. రొయ్య చువ్వల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైనున్న మూతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ మన వలలకు తగ్గట్టు ఒకటి తయారు చేసింది. ఇది వాడడం లేదన్న కారణంతోనే అమెరికా కొన్నేళ్ళుగా మన సముద్రపు రొయ్యను కొనడం మానేసింది.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాను. కోపం తెచ్చుకోలేదు, చేతిలో పని ఆపలేదు.

"మాయి సిన్న పడవలమ్మా. మా వలలో పడితే తీసి ఒగ్గేస్తాం. పెద్ద మర బోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి లాగతాయి. మా వలలు తెగిపోతాయి, తాబేళ్ళూ సస్తాయి. ఎవుడికి సెప్పుకోవాల?"

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజులూ చేపల గుడ్ల కోసం. కానీ తాబేళ్ళు ఒడ్డుకు వచ్చేది జనవరి నుంచి. సీజన్ దాదాపు అయిపోయాక గేటు వేసినట్టే అవుతోంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కనీసం హేచరీలున్న ఊళ్ళ ముందు నీళ్ళలోనైనా ట్రాలర్లు రాకుండా గట్టిగా కాపలా ఉండాలని నాకు అనిపిస్తోంది. ఒడ్డున ఒక మనిషి వంద గుడ్లను బిడ్డల్లా మోస్తుంటే, ఎదురుగా నీళ్ళలో వాటి తల్లి చచ్చిపోతుంటే, ఆ కష్టానికి ఏం మిగులుతుంది?

ఆ రాత్రి టెక్కలిలో పడుకున్నాం. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

సోమవారం: ఉద్దానం మీదుగా బారువ

పలాస దాటాక దారి పొడవునా జీడి, కొబ్బరి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన చోట కొత్త కొబ్బరి మొక్కలు ఇప్పుడు మనిషి ఎత్తు దాటాయి. బారువలో మా అమ్మ వైపు బంధువుల ఇంట్లో భోజనం, నెత్తళ్ళ పులుసుతో. తిన్న వెంటనే తీరానికి.

మహేంద్రతనయ సముద్రంలో కలిసేది ఇక్కడే. సాయంత్రం తెప్పల దగ్గర నలుగురు కూర్చుని ఉంటే మేమూ కూర్చున్నాం. తాబేలును గుర్తుపట్టడానికి రెక్కకు తగిలించే నంబరు ట్యాగుల గురించి మావాడు అడిగాడు. ఎవరూ పలకలేదు. చీకటి పడ్డాక అందులో ఒకాయన ఇంటికి వెళ్ళి, ఒక చుట్టల డబ్బా తెచ్చాడు. అందులో బీడీ కట్ట, గాలాలు, వాటి కింద ఒక లోహపు ముక్క.

చేతిలోకి తీసుకుని ఫోను వెలుతురులో చూశాను. చిటికెన వేలంత పొడవు. మడిచి బిగించే క్లిప్పు, ఒక చివర ముల్లు, ఇంకో చివర ఆ ముల్లు దిగే కన్నం. ఉప్పు నీళ్ళకు ఎంతకాలం ఉందో గానీ తుప్పు లేదు. ఒక పక్క అంకెలు, రెండో పక్క పంపాల్సిన చిరునామా ఇంగ్లీషులో, సగం అరిగిపోయి.

"సచ్చిన తాబేలు రెక్కకున్నాది. ఇప్పీసి దాసినాను. మొన్నటేడు సంగతి."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు తాతా?"

"సెప్తే నువ్వే సంపీసినావు అంటే? తాబేలు కేసంటే జైలంట కదా బాబూ."

ఆయన భయం ఉత్తది కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానంగా. చంపితే శిక్ష పెద్దదే. కానీ ఆ భయానికి ఒక తాబేలు చరిత్రంతా చుట్టల డబ్బాలో ఉండిపోయింది. మావాడు నెమ్మదిగా చెప్పాడు. ఒడిశాలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 2021 నుంచి దాదాపు 12 వేల తాబేళ్ళకు ఇలాంటివి తొడిగారు. 2021 మార్చిలో అక్కడ తొడిగిన 03233 నంబరు తాబేలు, 2025 జనవరిలో మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా గుహాగర్ దగ్గర గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరం తాబేలు పడమటి తీరంలో గుడ్లు పెడుతుందని ఎవరూ అనుకోలేదు. అక్కడివాళ్ళు ఆ అంకెలు చదివి చెప్పడం వల్ల తెలిసింది.

తాత మళ్ళీ డబ్బా వైపు చూశాడు. "అంతదూరం ఎల్లిపోనాదా?" అన్నాడు. తర్వాత, "రాసుకో బాబూ, నంబరు రాసుకో" అన్నాడు. మావాడు రెండు వైపులా ఫొటో తీశాడు. దొరికిన నెల, చోటు, ఆడదో మగదో అడిగి రాసుకున్నాడు. తోక పొట్టిగా ఉందన్న సంగతి తాతకు గుర్తుంది. ట్యాగు మాత్రం ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

శాటిలైట్ ట్రాన్స్‌మిటర్ ఇంతకంటే చాలా చెబుతుంది. డిప్ప మీద అతికించిన పెట్టె, తాబేలు ఊపిరికి పైకొచ్చినప్పుడల్లా ఆకాశంలోకి కబురు పంపుతుంది. కానీ ఖరీదెక్కువ, కొద్దింటికే పెట్టగలరు. కొంతకాలానికి ఊడిపోతుంది, లేదా బ్యాటరీ అయిపోతుంది. చవకైన లోహపు ముక్క ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ దానికదే మాట్లాడదు. చదివి చెప్పే మనిషి కావాలి, ఆ మనిషి చాలాసార్లు వేటకు వెళ్ళేవాడే అవుతాడు.

మంగళవారం: డొంకూరు

ఇచ్ఛాపురం నుంచి ఆటోలో డొంకూరు, తోడుగా ఒక ఫారెస్టు గార్డు. ఇది దాటితే ఒడిశా. ఈ ఊళ్ళో ఒకే వాక్యంలో తెలుగూ ఒడియా కలిసి వినిపిస్తాయి. ఉత్తరంగా గంజాం జిల్లాలో రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళు ఒకేసారి లక్షల్లో గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఆరున్నర లక్షలకు పైగా వచ్చాయి. వాటికి మన జిల్లా నీళ్ళు దారి. హద్దు రాయి మనకే, వాటికి కాదు.

ఇక్కడి కుర్రాళ్ళు ఒక మంచి సంగతి చెప్పారు. వలలో తాబేలు కదలకుండా దొరికితే, చచ్చిందని వెంటనే నీళ్ళలో పడేయరు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కింద చెక్క పెట్టి ఎత్తుగా ఉంచుతారు. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కారిపోవాలి. పైన తడి గోనె కప్పి నీడలో ఉంచుతారు. కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి, కళ్ళు తెరిచి రెక్క ఆడిస్తుంది. మావాడు ఎగిరి గంతేశాడు. ప్రపంచమంతా జాలర్లకు నేర్పే పద్ధతి ఇదే. స్పృహ తప్పినదాన్ని అలాగే నీళ్ళలో వదిలేస్తే మునిగి చచ్చిపోతుంది. "మా పడవ మీద లేచినవి ఉన్నాయక్కా" అని ఒకడు నాతో అన్నాడు. అలా లేచి వెళ్ళినవాటికి నంబరు ఏదైనా ఉందా అని అడిగితే, చూడలేదన్నాడు.

మధ్యాహ్నం మావాడు ఇచ్ఛాపురంలో చార్టు కాగితం, స్కెచ్ పెన్నులు కొనుక్కొచ్చాడు. చేపలు దించే చోట షెడ్డులో కూర్చుని పెద్ద అక్షరాలతో రాశాడు: ముందు రెక్కలు రెండూ చూడండి, ట్యాగు ఉంటే అంకెలు చదవండి, బతికున్న తాబేలు ట్యాగు ఊడదీయకండి, ఫొటో తీసి ఫారెస్టు గార్డుకు పంపండి. కింద ట్యాగు బొమ్మ గీశాడు. కుర్రాళ్ళు చుట్టూ చేరి చదివారు. ఒకడు ఒడియాలో కూడా రాయమన్నాడు, ఆ పని వాడికే అప్పజెప్పాం.

అంతా అయ్యాక వాళ్ళలో పెద్దవాడు కాగితం అడుగున వేలు పెట్టి, "ఇక్కడ ఇంకో ముక్క రాయాల. సెప్పినోడి మీద కేసుండదని" అన్నాడు.

అది మేం రాయగలిగింది కాదు. ఆ మాటే చెప్పాం. మాతో వచ్చిన గార్డు కాసేపు ఆలోచించి, కాగితాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. రేంజి ఆఫీసులో అడిగి, సంతకం, ముద్ర వేయించి తెస్తానన్నాడు. ముద్ర ఉంటేనే గోడకు అంటిస్తామని కుర్రాళ్ళన్నారు. మావాడు అదే కాగితం ఇంకో రెండు రాశాడు, ఒకటి బారువకు, ఒకటి భావనపాడుకు.